తన తప్పును తానే లెక్కించే వృత్తి: గోల్ఫు క్రీడాకారుడు సాహిత్ తీగల జీవితం – ఒక పరిశీలన

ప్రతి వృత్తికి ఒక మూలధనం ఉన్నది. మహబూబాబాద్ మిరప రైతుకు భూమి, నీరు మూలధనం. జనగామ సమీపంలోని పెంబర్తి ఇత్తడి కళాకారునికి తరతరాలుగా సంక్రమించిన చేతి నేర్పు మూలధనం. భూపాలపల్లి బొగ్గుగని కార్మికునికి దేహబలం, దానికి తోడు తన పక్కన పనిచేసే సహచరునిపై నమ్మకం మూలధనం. ఈ మూడు ప్రాంతాల విద్యార్థులు చదివే ఈ సంచికలో, మనకు అంతగా పరిచయం లేని ఒక వృత్తిని తీసికొని, దాని మూలధనం ఏమిటో విచారించదలచినాము. ఆ వృత్తి గోల్ఫు క్రీడ.

గోల్ఫు అనగానే అది ధనవంతుల వినోదమనే తలంపు కలుగుతుంది. ఆ తలంపు పూర్తిగా అసత్యం కాదు. పద్దెనిమిది గుంటలు గల ఒక మైదానానికి సుమారు 100 నుండి 150 ఎకరాల భూమి కావలెను. ఆ భూమిపై ఏడాది పొడుగునా పచ్చిక చెడకుండా నీరు పెట్టవలెను. మూడెకరాల చెలకను నమ్ముకొని వానకు ఎదురుచూచే కుటుంబాల నుండి వచ్చిన మన విద్యార్థులకు ఈ లెక్క వింతగా తోచుట సహజమే. హైదరాబాదులో గోల్కొండ కోట ప్రక్కన నయా ఖిల్లా వద్ద గోల్ఫు మైదానం ఉన్నది. అయినను మనలో దానిని చూచినవారు అరుదు. ఇట్టి ఆటను గూర్చి చదువనేల? ఆడినవాడే తన తప్పును చెప్పవలసిన వృత్తి ఎట్లు నడుస్తుందో తెలిసికొనుటకు మాత్రమే. ఆ ప్రశ్న గోల్ఫు ఆడని మనకును వర్తించునదే.

ఆట స్వరూపం

మన పల్లెల్లో పిల్లలు ఆడే చిర్రగోనె, గోటీలాట అందరికీ తెలిసినవే. చిర్రగోనెలో దూరంగా కొట్టే దెబ్బ కలదు. గోటీలాటలో గుంటలోకి చేర్చే గురి కలదు. ఈ రెండు నేర్పులు కలిసిన ఆటయే గోల్ఫు అనుకొనవచ్చును. క్రీడాకారుడు చిన్న బంతిని ఒక ప్రారంభస్థానం నుండి కర్రతో కొట్టి, కొన్ని వందల గజాల దూరంలో ఉన్న గుంటలో వేయవలెను. ఆ గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. ప్రతి గుంటకు ఇన్ని దెబ్బలు పట్టవచ్చునని ఒక ప్రమాణం ఉన్నది. దానిని 'పార్' అంటారు. పద్దెనిమిది గుంటలకు ఇది సాధారణంగా 70 నుండి 72 దెబ్బలు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తారో వారిదే గెలుపు. పెద్ద పోటీలు నాలుగు దినములు, మొత్తం 72 గుంటలపై జరుగుతాయి. దారిలో ఇసుక గుంటలు, నీటి మడుగులు, చెట్లు ఆటంకములుగా ఉంటాయి.

ఈ ఆటకు వ్రాతపూర్వకమైన తొలి నియమావళి 1744లో స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో నగర సమీపంలోని లీత్‌లో ఏర్పడినది. అందులో పదమూడు నియమాలు మాత్రమే ఉండెను. 1829లో కలకత్తాలో నెలకొన్న గోల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవులకు వెలుపల స్థాపించబడిన వాటిలో అతి పురాతనమైనది. అనగా ఈ ఆట మన దేశంలో అడుగుపెట్టి రెండు శతాబ్దాలు కావస్తున్నది.

గోల్ఫుకు మిగిలిన ఆటలకు ఒక ముఖ్య భేదమున్నది. క్రికెట్టులో ప్రతి బంతికి అంపైరు చూపు ఉంటుంది. కబడ్డీలో గీత దాటినవానిని పట్టుకొనుటకు రిఫరీ ఈల సిద్ధంగా ఉంటుంది. గోల్ఫులో నూరుకు పైగా ఆటగాళ్లు నూరెకరాలపై చెదరి ఉంటారు. నియమాధికారులు ఉన్నను ప్రతి దెబ్బ వద్ద నిలువజాలరు. కనుక నియమం తప్పినప్పుడు ఆ సంగతి చెప్పవలసిన మొదటి బాధ్యత ఆటగానిదే. అతని లెక్కను తోటి ఆటగాడు కాగితంపై వ్రాస్తాడు. దానిని సరిచూచి సంతకం చేయవలసినవాడు ఆటగాడే. తాను వేసిన దెబ్బలకన్న తక్కువ అంకెపై సంతకం చేసినవాడు పోటీ నుండి తొలగింపబడతాడు. ఎక్కువ అంకెపై సంతకం చేస్తే ఆ ఎక్కువ అంకెయే అతని లెక్కగా నిలుస్తుంది.

ఈ నియమం ఎంత కఠినమైనదో 1968లో అమెరికాలోని అగస్టాలో జరిగిన మాస్టర్స్ పోటీ తెలుపుతుంది. అర్జెంటీనాకు చెందిన రొబెర్టో డి విసెంజో చివరి దినమున 65 దెబ్బలతో ఆట ముగించినాడు. పదిహేడవ గుంటలో ఆయన వేసిన దెబ్బలు మూడు. లెక్క వ్రాసిన తోటి ఆటగాడు పొరపాటున నాలుగని వ్రాసినాడు. డి విసెంజో సరిచూడకయే సంతకం చేసినాడు. ఆయన లెక్క 66గా స్థిరపడినది. ఆ ఒక్క దెబ్బతో బాబ్ గోల్బీతో సమానస్థితి పోయి, బిరుదు గోల్బీకి దక్కినది. ఆనాడు డి విసెంజో నలుబది అయిదవ జన్మదినం. సంతకం విలువ ఎంతటిదో బోధించుటకు ఇంతకన్న మంచి పాఠం దొరకదు.

జీతం లేని ఉద్యోగం

వృత్తిగా గోల్ఫు ఆడేవానికి నెలజీతం లేదు. సాధారణమైన పెద్ద పోటీలో నూరు నుండి నూటయాభై మంది వరకు దిగుతారు. రెండు దినముల ఆట ముగిసిన పిదప వడపోత జరుగుతుంది. దీనిని 'కట్' అంటారు. అమెరికాలోని ప్రధాన సంస్థయైన పీజీఏ టూర్ పోటీలలో సాధారణంగా 65వ స్థానం వరకు, ఆ స్థానంలో సమానంగా నిలిచినవారితో సహా, ముందుకు సాగుతారు. మిగిలినవారు సాధారణంగా రిక్తహస్తాలతో ఇంటికి పోవలసినదే. ప్రయాణం, బస, శిక్షకుని రుసుము, కర్రల సంచి మోసి సలహా చెప్పే క్యాడీ వేతనం — ఇవన్నీ ఆటగాడే భరించవలెను. గెలిచినప్పుడు బహుమతిలో పదవ వంతు వరకు క్యాడీకి ఇచ్చుట ఆచారం.

మన రైతుకు కాలం కలిసిరాకపోతే పెట్టుబడి పోతుంది. ఈ వృత్తిలో ప్రతి వారమూ అట్టి పంటకాలమే. ఒక్క దెబ్బ తేడాతో వారం రోజుల శ్రమకు ఫలం లేకుండా పోవచ్చును. ఇట్టి స్థితిలో, ఎవరూ చూడని తప్పును తానే చెప్పుకొనవలెనన్న నియమం ఎంత భారమైనదో విద్యార్థులు ఊహించగలరు.

తెలుగింటి పేరు

సాహిత్ తీగల 1997 డిసెంబరు 4న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించినాడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వలస వెళ్లినవారు. తీగల అన్న ఇంటిపేరు మన జిల్లాలలోనూ వినబడునదే. అతడు అమెరికా పౌరుడు, ఆ దేశం పక్షాననే ఆడుచున్నాడు. కనుక అతని విజయాలను మనవిగా చెప్పుకొనుట సరికాదు. అతని నడవడి నుండి నేర్చుకొనుటకు మాత్రం అడ్డు లేదు.

బాల్యంలోనే అతనికి వెన్నెముక వంపు ఉన్నట్లు తెలిసినది. అతడు బంతిని కొట్టే తీరు పాఠ్యపుస్తకాలలోని చిత్రాలకు సరిపోలదు. దేహం ఎట్లున్నదో అట్లే అంగీకరించి, దానికి తగిన పద్ధతిని అలవరచుకొన్నాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుచుండగా మణికట్టు గాయానికి శస్త్రచికిత్స జరిగి ఒక సంవత్సరం ఆటకు దూరమైనాడు. తిరిగి వచ్చి 2020లో అమెరికా కళాశాల క్రీడాకారులకు ఇచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్ పురస్కారాలు మూడింటినీ పొందినాడు. అదే సంవత్సరం వృత్తి క్రీడాకారుడైనాడు. అది కరోనా వ్యాధి వలన పోటీలు స్తంభించిన కాలం. కొంతకాలం దిగువ స్థాయి పోటీలలో పాల్గొని, 2021లో పీజీఏ టూర్‌లో ఆడుటకు అర్హత సంపాదించినాడు.

తొలి విజయానికి ముందు అతడు రెండు చేదు అనుభవాలను చవిచూచినాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి దినమున పదిహేడవ గుంట వద్ద అతడు కొట్టిన బంతి ప్రక్కకు దొర్లి నీటిలో పడినది. ఒక్క దెబ్బ తేడాతో నిర్ణాయక ఆటకు దూరమై, మూడవ స్థానాన్ని మరి ఇద్దరితో పంచుకొన్నాడు. అదే సంవత్సరం జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో చివరి గుంటకు ఒక దెబ్బ ఆధిక్యంతో చేరినాడు. అక్కడ ఇసుక గుంటలో చిక్కుకొని రెండు దెబ్బలు అదనంగా పోగొట్టుకొని రెండవ స్థానంతో సరిపెట్టుకొన్నాడు. పరీక్షలో చివరి ప్రశ్న వద్ద కాలం మించిపోయిన విద్యార్థికి ఆ బాధ తెలియును.

2023 ఏప్రిల్‌లో తొలిసారి మాస్టర్స్‌లో ఆడి మొదటి పదిమందిలో నిలిచినాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌ను రెండు దెబ్బల తేడాతో గెలిచినాడు. పీజీఏ టూర్‌లో అది అతని మొదటి విజయం. బహుమతి 15 లక్షల 12 వేల డాలర్లు. 2024లో అమెరికా జట్టు సభ్యునిగా ప్రెసిడెంట్స్ కప్‌లో పాల్గొన్నాడు. 2025లో మెడ గాయం అతని ఆటకు అంతరాయం కలిగించినది. దేహమే పనిముట్టయిన వృత్తిలో ఇట్టి విరామాలు తప్పవు.

కొన్ని ఇసుక రేణువులు

మా పరిశీలనకు ముఖ్యమైన సంఘటన ఈ విజయాలలో ఏదియును కాదు. అది 2024లో అట్లాంటా నగరంలోని ఈస్ట్ లేక్ మైదానంలో జరిగిన టూర్ చాంపియన్‌షిప్‌లో సంభవించినది. ఏడాది పొడుగునా రాణించిన ముప్పది మందికి మాత్రమే ఆ పోటీలో ప్రవేశం. ఆ ఏట మొదటి బహుమతి రెండున్నర కోట్ల డాలర్లు, రెండవది కోటి 25 లక్షలు, మూడవది 75 లక్షల డాలర్లు.

మూడవ దినమున మూడవ గుంట ఆడుచుండగా సాహిత్ బంతి ఇసుక గుంటలో పడినది. ఇసుకలోని బంతిని కొట్టబోవునప్పుడు కర్రను వెనుకకు ఎత్తేటపుడు అది ఇసుకను తాకరాదని నియమం. తాకిన యెడల రెండు దెబ్బల శిక్ష. కర్ర వెనుకకు పోవునప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదలినట్లు సాహిత్‌కు తోచినది. దాని వలన బంతికి కలిగిన లాభం ఏమియు లేదు. ఎవరును అభ్యంతరం తెలుపలేదు. అతడే అధికారిని పిలిచి సంగతి చెప్పి రెండు దెబ్బల శిక్షను స్వీకరించినాడు.

పోటీ ముగిసిన నాడు లెక్క ఇట్లు తేలినది. స్కాటీ షెఫ్లర్ పార్ కన్న 30 దెబ్బలు తక్కువతో ప్రథముడు. కాలిన్ మోరికావా 26 తక్కువతో ద్వితీయుడు. సాహిత్ తీగల 24 తక్కువతో తృతీయుడు. రెండవ స్థానానికి మూడవ స్థానానికి నడుమ తేడా సరిగా రెండు దెబ్బలు!

గణితం చదివే విద్యార్థులు ఒక కూడిక వేసి చూడవచ్చును. ఆ రెండు దెబ్బలు లేకుండా మిగిలిన ఆట యథాతథంగా సాగి ఉంటే ఇద్దరూ సమానమయ్యెడివారు. అప్పుడు రెండవ, మూడవ బహుమతులను కలిపి చెరిసగం పంచుకొనుట ఆచారం. కోటి 25 లక్షలు, 75 లక్షలు కలిసి రెండు కోట్లు. అందులో సగం కోటి డాలర్లు. సాహిత్‌కు దక్కినది 75 లక్షలు. తేడా 25 లక్షల డాలర్లు, నాటి మారకపు విలువలో సుమారు 21 కోట్ల రూపాయలు. శిక్ష లేకుంటే ఆట వేరొక దారిన నడిచెడిదేమో ఎవరును చెప్పజాలరు. అయినను ఆ ఇసుక రేణువుల వెల ఎంత ఉండవచ్చునో ఈ లెక్క సూచిస్తుంది.

మూడవ బహుమతి కూడ గొప్ప ధనమే గదా, కలిగినవానికి నిజాయితీ సులభమే గదా అని ఎవరైనా ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సహేతుకమే. దీనికి మా సమాధానం ఇది. 1925లో అమెరికన్ ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే క్రీడాకారుడు, ఎవరూ చూడని విధంగా తన బంతి కదలినదని తానే చెప్పి ఒక దెబ్బ శిక్ష పొందినాడు. తుదకు నిర్ణాయక ఆటలో ఓడి బిరుదును కోల్పోయినాడు. అతడు ధనం తీసికొనని ఔత్సాహిక క్రీడాకారుడు. నూరేళ్ల నడుమ ధనం లేని ఆటలోనూ, ధనరాశులు పేర్చిన ఆటలోనూ ఒకే నడవడి నిలిచినదంటే, అది సంపద నుండి పుట్టినది కాదు, అలవాటు నుండి పుట్టినదని తెలియుచున్నది. తప్పు చెప్పవలెనా వద్దా అని ఆ నిమిషంలో లెక్క వేసికొనువాడు చెప్పలేడు. చిన్ననాటి ఆటలోనే ఆ లెక్క వేయుట మానుకొన్నవాడే చెప్పగలడు.

సంచి మోసిన చేతులు

సాహిత్‌కు విశ్వవిద్యాలయం వేదికయైనది. మన దేశంలో ఈ వృత్తిలోకి మరొక ద్వారం కలదు. అది క్యాడీల ద్వారం. సభ్యుల కర్రల సంచులు మోసిన పేద కుటుంబాల పిల్లలు, వారు ఆడుతుండగా చూచి చూచి ఆటను నేర్చినారు.

ఇండియన్ ఓపెన్ పోటీ 1964లో ఆరంభమైనది. 1965లో పి.జి. సేథీ ఔత్సాహికునిగా దానిని గెలిచినాడు. తరువాత పాతికేళ్లకు పైగా అది విదేశీయుల చేతనే ఉండెను. 1991లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగిన పోటీలో అలీ షేర్ విజయం సాధించి, దానిని గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడైనాడు. ఆయన అదే మైదానంలో క్యాడీగా పెరిగినవాడు. 1993లో మరల గెలిచి మొదటి గెలుపు అదృష్టం కాదని నిరూపించినాడు. 1998లో కలకత్తాకు చెందిన ఫిరోజ్ అలీ ఆ బిరుదును పొందినాడు. 2010లో అర్జున్ అత్వాల్ పీజీఏ టూర్‌లో గెలిచిన తొలి భారతీయుడైనాడు.

అలీ షేర్ జీవితాన్ని పేదరికంపై గెలిచిన కథగా మాత్రమే చెప్పుట మాకు సమ్మతం కాదు. సంచి మోసిన వందలాది చేతులలో కర్ర పట్టిన చేతులు కొన్నియే. ప్రతిభ ఉండియు మైదానంలో ఆడుటకు అనుమతి లేక మిగిలిపోయినవారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు. అలీ షేర్ గెలుపు ఆయన గొప్పతనాన్ని చాటుతుంది, ఆ ద్వారం ఎంత ఇరుకైనదో కూడ చాటుతుంది.

మనకు పనికివచ్చునది

ఈ వ్యాసం చదివి మన విద్యార్థులు గోల్ఫు కర్రలు కొనవలెనని మా ఉద్దేశం కాదు. ఈ ఆటతో ముడివడి పచ్చిక పెంపకం, నీటి యాజమాన్యం, దేహచికిత్స, క్రీడా శిక్షణ, నియమాధికారి పదవి వంటి ఉపాధులు ఉన్నవి. వృక్షశాస్త్రం, ఉద్యానశాస్త్రం చదివేవారు వాటిని తెలిసియుండుట మంచిది. మేము చెప్పదలచిన ముఖ్య విషయం మాత్రం వేరు.

మన భాషలో 'దొరికితే దొంగ, దొరకకపోతే దొర' అన్న సామెత ఉన్నది. లోకం నడత చూచి విసిగినవారు పుట్టించిన మాట అది. గోల్ఫు నియమం ఈ సామెతను తలక్రిందులు చేస్తుంది. దొరకనప్పుడు ఏమి చేసినాడన్నదే అక్కడ దొరతనానికి కొలత. మన కళాశాలలో సగంమంది నిత్యం పలికే ఉర్దూలో 'అమానత్' అన్న చక్కని పదం కలదు. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన వస్తువు అని దాని అర్థం. గోల్ఫు క్రీడాకారుని లెక్క కాగితం అట్టి అమానత్. దానిపై ఉన్నది అతని అంకెయే అయినను, దానిని నమ్మి ఆడేవారు మిగిలిన ఆటగాళ్లందరు.

విద్యార్థి చేతిలోను ఇట్టి కాగితం ఒకటి ఉన్నది. భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్ రికార్డు అది. రావలసిన జవాబును ముందుగా చూచికొని, దానికి సరిపడునట్లు కొలతలు వ్రాయుట మన విద్యాలయాలలో చిన్న విషయంగా చలామణి అగుచున్నది. అధ్యాపకుడు ప్రతి బల్ల వద్ద నిలువజాలడు, గోల్ఫు మైదానంలో అధికారి నిలువజాలనట్లే. అయితే ఆ అలవాటు కళాశాల వాకిలి వద్ద ఆగదు. రేపు అదే విద్యార్థి గనిలో వాయుపరీక్ష చేయకయే పుస్తకంలో అంకె వేస్తే, లోపల ఉన్నవారి ప్రాణం ఆ అంకెపై ఆధారపడి ఉంటుంది. ఆసుపత్రిలో జ్వరం చూడకయే పట్టికలో వ్రాస్తే, వైద్యుడు ఆ పట్టికను నమ్మి మందు ఇస్తాడు. మార్కెట్టులో మిరప బస్తా తూకాన్ని చూడకయే చీటీ వ్రాస్తే, రైతు ఏడాది కష్టం ఆ చీటీలో తరుగుతుంది. చూచేవారు లేని చోట వ్రాసే అంకెపైననే లోకంలో చాల పనులు నడుచుచున్నవి.

కనుక కళాశాల సంఘ పెద్దలకు ఒక విన్నపం. రికార్డులో సరియైన జవాబుకు ఇచ్చే మార్కులలో కొంత భాగాన్ని, జవాబు తప్పినను నిజమైన కొలతలు వ్రాసి, తప్పుకు కారణం చెప్పగలిగిన విద్యార్థికి కేటాయించవచ్చును. కళాశాల క్రీడోత్సవాలలో కనీసం ఒక పోటీనైనను, తన తప్పును ఆటగాడే చెప్పే నియమంతో నడిపి చూడవచ్చును. అందుకు నూరెకరాల పచ్చిక అక్కరలేదు, మన మైదానంలోని దుమ్మే చాలును.

విద్యార్థులకు మా మాట ఒక్కటే. సాహిత్ తీగల ఆనాడు చెప్పిన తప్పు వలన అతనికి ధనం తగ్గినది, స్థానం దిగినది. అయినను తరువాతి పోటీలో అతడు సంతకం చేసిన కాగితాన్ని ఎవరును రెండవసారి చూడవలసిన పని లేదు. మీరు ఏ వృత్తిలో చేరినను, మీరు వ్రాసిన అంకెను మరొకరు తిరిగి కొలవనవసరం లేని స్థితిని సంపాదించుకొనవలెనని ఆశించుచున్నాము.